నాలుగు అంగుళాల లెక్క

సరుకు లేకుండా ఖాళీగా నిలిచి ఉన్న పికప్ బండిని పక్కనుండి చూచినవారికి ఒక సంగతి తెలుస్తుంది. దాని వెనుక భాగం ముందు భాగం కంటె కొద్దిగా ఎత్తుగా ఉంటుంది. అది కర్మాగారంలో జరిగిన పొరపాటు కాదు. తొట్టిలో ఎరువు బస్తాలో, ఇటుకలో, గడ్డి కట్టలో పడినప్పుడు వెనుక స్ప్రింగులు అణగి, బండి నేలకు సమంగా రావాలని రూపకర్తలు ముందుగానే ఆ ఎత్తును ఇచ్చి ఉంచుతారు. ఖాళీ పికప్పు అనేది రాబోయే బరువు కోసం ఎప్పుడూ వీపు ఎత్తి ఎదురుచూచే వాహనం.

ఆ వీపును దించడమే పనిగా పెట్టుకొన్న ఔత్సాహికులు అమెరికా సంయుక్త రాష్ట్రాలలో, అందులోను కాలిఫోర్నియా, టెక్సస్ వంటి చోట్ల ఎందరో ఉన్నారు. వారికి అత్యంత ప్రీతిపాత్రమైనది 1960–1972 మధ్య తయారైన షెవ్రొలే సి-10. ఒకప్పుడు పొలాల్లోను, కట్టడపు పనుల్లోను అరిగిపోయి, ఇంటి వెనుక చెట్టు కింద తుప్పు పట్టిన బండి ఇది. దానిని బాగుచేసి, రంగు వేసి, వెనుక భాగాన్ని నాలుగు అంగుళాలో, ఆరు అంగుళాలో కిందికి దించి, చక్రాల పై అంచు తొట్టి రేకు చాటున ఒదిగిపోయేటట్లు చేస్తే గాని వారికి తృప్తి కలుగదు. ఇది వట్టి షోకు కాదా అని ఎవరైనా అడిగితే, షోకేనని ఒప్పుకోవలసిందే. కాని ఆ షోకు తీర్చుకొనే క్రమంలో ఒక వాహనం ఏయే లెక్కల మీద నిలిచి ఉన్నదో విప్పి చూడవలసి వస్తుంది. ఆ లెక్కలలో ఏ ఒక్కటి విస్మరించినా ప్రాణం మీదికి వస్తుంది.

మన దేశంలో లారీ యజమానులు చేసేది దీనికి సరిగ్గా విపర్యయం. బరువు ఇంకా ఎక్కించాలని కమాను కట్టలో మరొక పట్టీ చేర్పించుకోవడం ఇక్కడి రహదారుల వెంట ఉన్న పనిశాలల్లో పాత అలవాటు. అమెరికా యువకుడు బండినుండి తీసివేయదలచుకొన్నది మన లారీ డ్రైవరు కోరి చేర్పించుకొనే ఎత్తునే. ఇద్దరూ చేయి పెడుతున్నది ఒకే చోట, ఇరుసుకూ చట్రానికీ నడుమ నిర్మాత విడిచిపెట్టిన ఖాళీలో.

సి-10 వెనుక భాగపు నిర్మాణం కొంత విలక్షణమైనది. అంతకుముందటి షెవ్రొలే పికప్పులకు ముందూ వెనుకా కమాను పట్టీలే ఆధారం. 1960లో ఆ పద్ధతిని మార్చి, వెనుక వైపు చుట్ల స్ప్రింగులు అమర్చారు. కమాను పట్టీకి రెండు పనులు ఉంటాయి. అది బరువును మోస్తుంది, ఇరుసును తన చోటనుండి కదలకుండ పట్టుకొంటుంది కూడా. చుట్ల స్ప్రింగు బరువును మాత్రమే మోయగలదు, ఇరుసును పట్టలేదు. కాబట్టి ఇరుసును పట్టి ఉంచడానికి రెండు పొడవైన ఉక్కు బాహువులు అవసరమయ్యాయి. వాటి ముందు కొనలు బండి నడుమ భాగాన, చట్రపు అడ్డుదూలానికి రబ్బరు బుష్‌ల సాయంతో తగిలించబడి ఉంటాయి. వెనుక కొనల మీద ఇరుసు కూర్చుంటుంది, యూ బోల్టులతో బిగించబడుతుంది. ఇరుసు ఎడమకూ కుడికీ జరుగకుండ చట్రంనుండి ఇరుసుకు అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. ఫ్రాన్సుకు చెందిన పాన్‌హార్డ్ సంస్థ పేరు మీద దానిని పాన్‌హార్డ్ కడ్డీ అంటారు.

ఈ ఏర్పాటు ఎంత దృఢమైనదో చెప్పడానికి ఒక్క నిదర్శనం చాలు. అమెరికాలో నాస్కార్ అనే సుప్రసిద్ధ కారు పందేలలో, గంటకు దాదాపు 200 మైళ్ళ వేగంతో పరుగెత్తే అగ్రశ్రేణి కార్లకు, ఈ పికప్పు బాహువుల నమూనానే వెనుక భాగాన వాడుతూ వచ్చారు. 2022లో కొత్త తరం కారు ప్రవేశపెట్టేవరకు దానిని మార్చలేదు. గడ్డి మోపులు మోయడానికి పుట్టిన పనిముట్టు పందెపు మైదానంలో అర్ధ శతాబ్దం నిలిచిందంటే, దాని రూపకర్తలు సామాన్యులు కారు.

ఇక దించే పద్ధతులు. అన్నిటికంటె పాతది పనిముట్లు అక్కరలేనిది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాతి సంవత్సరాలలో లాస్ ఏంజెలెస్‌లోని మెక్సికన్ అమెరికన్ యువకులు తమ పాత కార్ల వెనుక పెట్టెలో ఇసుక బస్తాలో, సిమెంటు బస్తాలో వేసుకొని తిరిగేవారు. బండి వెనుకకు అణగి, నేలను రాచుకొంటున్నట్లు మెల్లగా సాగేది. ఖర్చు తక్కువ. కావాలంటే ఆదివారం సాయంత్రం బస్తాలు దించివేసి సోమవారం పనికి వెళ్ళవచ్చు. మరీ తొందరపాటు గలవారు గ్యాసు మంటతో స్ప్రింగును ఎర్రగా కాల్చేవారు. స్ప్రింగు మెత్తబడి, బండి తన బరువుకు తానే కూలబడేది. ఇంతకంటె చెడ్డ పద్ధతి మరొకటి లేదు. స్ప్రింగు ఉక్కుకు దాని గుణం వచ్చేది ఒక నిర్ణీత క్రమంలో కాచి, చల్లార్చి, తిరిగి మితంగా కాచినందువలన. గ్యాసు మంట ఆ గుణాన్ని ఒక చోట చంపి, పక్కనే మరొక చోట వదిలివేస్తుంది. అట్టి స్ప్రింగు నానాటికీ కుంగిపోతుంది. ఏదో ఒక రోజున, బండి వేగంగా పోతున్నప్పుడే, విరిగినా విరుగుతుంది.

స్ప్రింగు చుట్టు ఒకటి కోసివేయడం దీనికంటె కొంత నయం. ఇక్కడ మాత్రం చాలామంది ఊహించని ఒక విశేషం ఉన్నది. కోసినందువలన స్ప్రింగు బలహీనపడదు, మరింత బిగుసుకొంటుంది. స్ప్రింగు బిగువు దాని చుట్ల సంఖ్యకు విలోమంగా ఉంటుంది. ఎనిమిది చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒక చుట్టు తీసివేస్తే మిగిలిన ఏడు చుట్లు ముందటికంటె సుమారు 14 శాతం ఎక్కువ గట్టిగా ఎదురు నిలుస్తాయి. బండి దిగుతుంది, కుదుపు పెరుగుతుంది. ఒక విధంగా ఈ బిగువు అవసరమే. స్ప్రింగు అణగడానికి మిగిలిన దూరం తగ్గినప్పుడు, ఆ తక్కువ దూరంలోనే దెబ్బను ఆపగలగాలి కదా. నేడు పాత పికప్పుల కోసమే తక్కువ పొడవుతో ప్రత్యేకంగా చుట్టిన స్ప్రింగులు బజారులో దొరుకుతున్నాయి. వాటిని తయారుచేసేవారు తక్కువ పొడవునూ, అధిక బిగువునూ ముందుగా లెక్కగట్టి చేస్తారు. రంపంతో కోసేవానికి ఆ లెక్క కోసిన తరువాత గాని తెలియదు.

సి-10లో వెనుక స్ప్రింగు మార్చడం కష్టమైన పని కాదు. చట్రాన్ని నాలుగు దృఢమైన ఆధారాల మీద నిలబెట్టి, షాక్ అబ్సార్బర్లు విప్పి, ఇరుసును జాకీ మీద మెల్లగా దించితే స్ప్రింగు మీది ఒత్తిడి తొలగిపోతుంది. అప్పుడు దాని బిగింపు బోల్టులు విప్పి చేతితో బయటికి తీయవచ్చు. ఇరుసు కిందికి వేలాడేటప్పుడు బ్రేకు ద్రవం వెళ్ళే రబ్బరు గొట్టం మీద దాని బరువు పడకుండ చూడటం మరువరాదు. ఆ గొట్టం లోపల చిట్లినా పైకి కనిపించదు. కొన్ని వారాల తరువాత ఏ పల్లం దిగేటప్పుడో బ్రేకు తొక్కితే గాని ఆ సంగతి బయటపడదు.

రెండవ పద్ధతి దిమ్మలది. ఇరుసు బాహువు మీద కూర్చుంటుందని పైన చెప్పుకొన్నాము. ఆ రెంటి నడుమ రెండు, మూడు అంగుళాల మందం గల లోహపు దిమ్మను పెట్టి, పొడవైన యూ బోల్టులతో బిగిస్తే ఇరుసు అంతమేర పైకి లేస్తుంది. ఇరుసు లేచిందంటే, చక్రాలు నేల మీదనే ఉంటాయి గనుక, బండి దిగిందన్నమాట. స్ప్రింగును ముట్టుకోనక్కరలేదు, కుదుపూ పెరుగదు. ఇంత సులువైన ఉపాయం ఉండగా స్ప్రింగులు మార్చడమెందుకనే ప్రశ్న సహజం. జవాబు బండి కింద పడుకొని చూస్తే తెలుస్తుంది. పొట్టి స్ప్రింగు వాడినప్పుడు బాహువు వెనుక కొన ఇరుసుతో కూడ పైకి లేస్తుంది. దిమ్మ పెట్టినప్పుడు బాహువు చట్రంతోపాటే కిందికి దిగుతుంది. దాని కొనా, బోల్టుల కిందనున్న పలకా నేలకు చేరువవుతాయి. అందువలన అనుభవం గలవారు కొంత స్ప్రింగులోను, కొంత దిమ్మలోను పంచుకొంటారు.

ఈ రెండు పద్ధతులకూ మరొక తేడా ఉన్నది. ఇంజను శక్తిని వెనుకకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు విషయంలో అది బయటపడుతుంది. పొట్టి స్ప్రింగు వలన బాహువు తన ముందు కొన చుట్టూ తిరుగుతుంది. ఇరుసు ఆ బాహువుకు గట్టిగా బిగించి ఉన్నది గనుక అదీ తిరుగుతుంది. బాహువు పొడవు నాలుగు అడుగులనుకొంటే, వెనుక కొన నాలుగు అంగుళాలు లేచినప్పుడు ఆ తిరుగుడు సుమారు అయిదు డిగ్రీలు. అంతమేర డిఫరెన్షియల్ ముక్కు కిందికి వంగుతుంది. అయిదు డిగ్రీలు ఏపాటివని తీసివేయరాదు. షాఫ్టు రెండు కొనలా ఉండే యూనివర్సల్ జాయింటుకు ఒక స్వభావం ఉన్నది. కోణంలో తిరిగేటప్పుడు అది సమవేగంతో తిరుగదు, ప్రతి చుట్టులోను రెండుసార్లు వేగం హెచ్చి రెండుసార్లు తగ్గుతుంది. ముందు జాయింటు కోణమూ వెనుక జాయింటు కోణమూ సమానంగా ఉన్నప్పుడు ఒకదాని ఒడుదుడుకును రెండవది రద్దుచేస్తుంది. ఆ సమత్వం చెడితే గంటకు 50 మైళ్ళ వేగంలో బండి అడుగు భాగాన ఒక గునుపు మొదలవుతుంది. చోదకుడు చక్రాలను అనుమానించి వాటిని మార్పిస్తాడు, టైర్లను అనుమానించి అవీ మార్పిస్తాడు. దోషం మాత్రం ఇరుసు కోణంలో ఉంటుంది. దానికి మందు చాలా చిన్నది. ఇరుసుకూ బాహువుకూ నడుమ ఏటవాలుగా కోసిన పలుచని లోహపు చీలను పెట్టి ముక్కును మళ్ళీ పైకి లేపడమే.

పాన్‌హార్డ్ కడ్డీ చేసే చిలిపితనం ఇంకొకటి. ఒక కొన చట్రానికీ మరొక కొన ఇరుసుకూ ఉన్న ఆ కడ్డీ గడియారపు ముల్లు వలె ఒక చాపంలో తిరుగుతుంది. బండి తన సహజమైన ఎత్తులో ఉన్నప్పుడు అది దాదాపు అడ్డంగా ఉంటుంది. చట్రం నాలుగు అంగుళాలు దిగితే కడ్డీ ఏటవాలుగా నిలుస్తుంది, ఆ మేరకు దాని అడ్డపు కొలత తగ్గుతుంది. కడ్డీ పొడవు రెండడుగులైతే ఈ తగ్గుదల అంగుళంలో మూడవ వంతు. ఇరుసు అంతా ఒక పక్కకు జరిగిపోతుంది. వెనుకనుండి చూస్తే ఒక చక్రం తొట్టి రేకులోపలికి దూరినట్లు, రెండవది బయటికి పొడుచుకొని వచ్చినట్లు కనిపిస్తుంది. వెడల్పైన టైర్లు వేయించుకొన్నవాని బండిలో ఒకవైపు టైరు రేకును ఒరుసుకొంటుంది. పొడవు సరిచేసుకొనే వీలున్న కడ్డీ ఒకటి కొని అమర్చితే ఈ చిక్కు తీరుతుంది. ఇంత ఖర్చుపెట్టి బండి దించినవారిలో కొందరు ఈ చిన్న కడ్డీ దగ్గర పిసినారితనం చూపడం వింతగానే ఉంటుంది.

ఇక అసలైన గండం చట్రానిది. ఇరుసుకూ, దాని మీదుగా పోయే చట్రపు దూలానికీ నడుమ ఖాళీ కొన్ని అంగుళాలే. దూలం అడుగున ఒక రబ్బరు దిమ్మ ఉంటుంది. పెద్ద గుంతలో చక్రం పడి ఇరుసు ఎగిరినప్పుడు ముందుగా ఆ రబ్బరుకు తగలాలని దాని ఉద్దేశ్యం. బండిని నాలుగు అంగుళాలు దించితే ఆ ఖాళీలో అధిక భాగం హరించుకుపోతుంది. అంతకు మించి దించితే సామాన్యమైన గుంతకే ఇరుసు చట్రాన్ని కొడుతుంది. ఆ దెబ్బ వెన్ను అదరడంతో పోయేది కాదు. ఇరుసు ఉక్కుకు ఉక్కు తగిలి ఆగిన ఆ క్షణంలో స్ప్రింగు లేనట్లే. మలుపులో అట్టిది జరిగితే వెనుక చక్రాలు నేల మీద పట్టు వదలి పక్కకు జారుతాయి.

అందుచేత లోతుగా దించేవారు ఇరుసుకు పైన ఉన్న చోట చట్రపు దూలాన్ని అర్ధచంద్రాకారంగా కోస్తారు. ఇరుసు లేవడానికి అక్కడ కొత్తగా జాగా ఏర్పడుతుంది. చట్రాన్ని కోయడమనే మాట వింటేనే గుండె ఝల్లుమంటుంది, అది న్యాయమే. చట్రపు దూలం పెట్టె పక్క పలక వలె నిలువుగా ఉండి, పైనా కిందా మడతలు కలిగి ఉంటుంది. తొట్టిలో బరువు పడి దూలం వంగబోయినప్పుడు ఒక మడత సాగడానికీ, మరొక మడత నలగడానికీ ఎదురు నిలుస్తుంది. దూలపు బలం చాలావరకు ఆ మడతలలోనే ఉన్నది. నడుమ పలకలో రంధ్రాలు ఎన్ని ఉన్నా నిర్మాతలు లెక్కచేయరు, మడతలను మాత్రం ముట్టుకోరు. ఇక్కడ కోసేది అడుగు మడతనే. కనుక కోసిన చోట, కోతకంటె ముందుకూ వెనుకకూ చాలినంత దూరం సాగే మందపాటి ఉక్కు కవచాన్ని బోల్టులతో గాని, వెల్డింగుతో గాని బిగించి, పోయిన మడతకు మారుగా కొత్త మడతను ఇవ్వవలసి ఉంటుంది. మంచి పనివాడు కవచాన్ని ముందు తొడిగి చూచి, గీత గీసి, అప్పుడు కోస్తాడు. కోత మూలలు వాడిగా ఉండనీయక గుండ్రంగా రాపిడి చేస్తాడు. వాడి మూలనుండే పగుళ్ళు పుడతాయి గనుక. ముందు కోసి తరువాత ఆలోచించేవాని బండిలో తొట్టి ఏనాటికీ నిండకుండుగాక అని కోరుకోవడం తప్ప గత్యంతరం లేదు.

1973 తరువాతి షెవ్రొలే పికప్పులకు, ఫోర్డు ఎఫ్-100 వంటి బండ్లకు వెనుక కమాను పట్టీలే ఉంటాయి. వాటిలో కట్ట పైన, ఇరుసు కింద. ఔత్సాహికులు దీనిని తలకిందులు చేసి, ఇరుసును కట్ట మీదికి ఎక్కిస్తారు. ఇరుసు గొట్టం మందమూ, కట్ట మందమూ కలిపి అయిదారు అంగుళాలు ఒక్క దెబ్బతో దిగుతుంది. లెక్క చాలా తేలిక, కాని ఇక్కడ మధ్యే మార్గం లేదు. దిగితే అంతా దిగుతుంది. చట్రం కోయక తప్పదు.

జపాను పికప్పులలో పొంచి ఉన్న ఒక అపాయం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. టొయోటా హైలక్స్ వంటి బండ్లలో కొన్నింటికి, వెనుక బ్రేకుల ఒత్తిడిని బరువునుబట్టి నియమించే కవాటం ఒకటి చట్రం మీద ఉంటుంది. దానినుండి ఒక సన్నని కడ్డీ ఇరుసుకు తగిలించబడి ఉంటుంది. తొట్టి నిండి చట్రం ఇరుసుకు దగ్గరైనప్పుడు కవాటం వెనుక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. ఖాళీ బండిలో తక్కువ పంపుతుంది. బండిని దించినవాడు ఈ కడ్డీని సరిచేయకపోతే ఆ కవాటం మోసపోతుంది. చట్రం ఇరుసుకు దగ్గరగా ఉన్నది గనుక బండి నిండా సరుకున్నదని భావిస్తుంది. వానలో ఎవరో అడ్డం వచ్చి బ్రేకు తొక్కితే, ఏ బరువూ లేని వెనుక చక్రాలు బిగుసుకుపోయి బండి గిర్రున తిరుగుతుంది. నిర్మాత చేసిన మేలే ఇక్కడ హానిగా పరిణమిస్తుంది.

షాక్ అబ్సార్బర్లు పాతవే ఉంచడం, ముందు దీపాలను పట్టించుకోకపోవడం సామాన్యంగా జరిగే అశ్రద్ధలు. పాత పొడవున్న షాక్ అబ్సార్బరు దించిన బండిలో ఎప్పుడూ సగం ముడుచుకొనే ఉంటుంది. రెండు పెద్ద గుంతలకు దాని లోపలి భాగాలు చితికిపోతాయి. దీపాల సంగతి ఎవరికీ తోచదు. బండి సమంగా నిలువడానికి ముందు నాలుగు అంగుళాలు, వెనుక ఆరు దించడం పరిపాటి. ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ దూరం పొట్టి సి-10లో 115 అంగుళాలు. వెనుక అదనంగా దిగిన ఆ రెండు అంగుళాల వలన బండి ముక్కు ఒక డిగ్రీ పైకి లేస్తుంది. ఆ ఒక్క డిగ్రీతో దీపపు కిరణం 100 అడుగుల దూరాన 21 అంగుళాలు పైకి పోతుంది. దీపం తానుగా నాలుగు అంగుళాలు దిగిందన్న తగ్గింపు ఇచ్చినా, ఎదురువచ్చే చోదకుని కళ్ళలో పడడానికి మిగిలినది చాలు.

ఇట్టి బండ్ల మీద ప్రభుత్వాల చూపు పడకుండ ఉండదు. 1958 జనవరి 1 నుండి కాలిఫోర్నియాలో ఒక నిబంధన అమలులోకి వచ్చింది. మార్పుచేసిన బండిలో చక్రాలు తప్ప ఏ భాగమూ, చక్రపు లోహపు అంచు అడుగుకంటె కిందికి రారాదన్నది దాని సారాంశం. చిన్న పికప్పులకు కూడ అది వర్తించేది. ఆ నియమంలో యంత్రశాస్త్ర దృష్ట్యా తప్పు పట్టడానికేమీ లేదు. టైరు పగిలి గాలి పోయినప్పుడు బండి చక్రపు అంచు మీద నిలుస్తుంది. అప్పుడు దానికంటె కిందనున్న ఏ బాహువైనా, బోల్టైనా రోడ్డును తవ్వుకొంటూ పోతుంది. జాగ్రత్త గల పనివారు చట్టం లేని చోట కూడ రెండు చక్రాల అంచుల అడుగున దారం పట్టి చూచుకొంటారు. అంతకుముందు చెప్పుకొన్న దిమ్మల పరిమితి ఇక్కడే తెలుస్తుంది.

అయితే ఆ కొలబద్ద ఎవరి బండ్ల కింద పెట్టబడిందనేది వేరే కథ. తూర్పు లాస్ ఏంజెలెస్‌లోని విట్టియర్ బులెవార్డ్ మీద వారాంతపు రాత్రులలో తక్కువ ఎత్తు బండ్లను ఊరేగించినవారిలో అత్యధికులు మెక్సికన్ అమెరికన్ శ్రామికుల బిడ్డలు. పోలీసులకు వారిని ఆపడానికి ఆ నిబంధన చక్కని సాకుగా ఉపయోగపడిందన్న ఫిర్యాదు దశాబ్దాల పాటు వినవచ్చింది. దానికి వారిలో ఒకడు ఇచ్చిన జవాబు యంత్రరూపంలో ఉన్నది. సాన్ బెర్నార్డినోకు చెందిన రాన్ అగీర్రె 1950ల చివర, విమానాల మిగులు సామగ్రిలోని నూనె పంపులను తన 1956 నాటి కొర్వెట్‌కు అమర్చి, మీట నొక్కితే బండి లేచేటట్లు, మళ్ళీ నొక్కితే దిగేటట్లు చేశాడు. ఎక్స్-సోనిక్ అని దాని పేరు. పోలీసు బండి కనిపించినంతలో చట్టబద్ధమైన ఎత్తు, అది మలుపు తిరిగినంతలో మనసుకు నచ్చిన ఎత్తు. తరువాతి కాలంలో పికప్పులకు వచ్చిన గాలి సంచుల ఏర్పాటు కూడ ఇదే ఆలోచనకు మరొక రూపం. ఖర్చు భరించగలిగితే సి-10 వంటి బండికి అది ఉత్తమం. నిలిపినప్పుడు నేలకు ఆనించవచ్చు, బరువు పడినప్పుడు గాలి నింపి లేపవచ్చు.

1958 నాటి ఆ నిబంధనను రద్దుచేస్తూ, బండ్ల ఊరేగింపుల మీద పట్టణాలు విధించే నిషేధాలకు స్వస్తి చెబుతూ కాలిఫోర్నియా శాసనసభ 2023లో చట్టం చేసింది. 2024 జనవరి 1 నుండి అది అమలులోకి వచ్చింది. ఆరున్నర దశాబ్దాల తరువాత తక్కువ ఎత్తు బండి అక్కడ నేరం కాకుండ పోయింది. మన దేశంలో పరిస్థితి వేరు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, నిర్మాత నిర్దేశించిన వివరాలకు భిన్నంగా యజమాని తన వాహనాన్ని మార్చరాదు. ఆ సెక్షను భావాన్ని సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో మరింత స్పష్టపరచింది. కాబట్టి పాత జీపుకో, పికప్పుకో ఇక్కడ ఇట్టి ముచ్చట తీర్చుకోదలచినవారు రంపం చేతబట్టక ముందు రవాణా కార్యాలయం గడప తొక్కవలసి ఉంటుంది.

దించిన బండి ఎంత బరువు మోయగలదన్న ప్రశ్నకు అమ్మకందారులు సూటిగా సమాధానం ఇవ్వరు. తలుపు పక్కనున్న పలక మీద నిర్మాత చెక్కిన అంకెలు మారవు. ఇరుసు మీది ఖాళీ మాత్రం మారింది. అర టన్ను బండి అని పేరుపొందిన సి-10లో ఆ అర టన్ను అణగడానికి ఉద్దేశించిన దూరాన్నే యజమాని తన కళ్ళ పండుగకు ఖర్చుపెట్టుకొన్నాడు. అటువంటి బండిలో పది సిమెంటు బస్తాలు వేస్తే, మన లెక్కన అది అయిదు వందల కిలోలు, ఇరుసు రబ్బరు దిమ్మను ముద్దుపెట్టుకొంటూ ఇల్లు చేరుతుంది. ఈ నిజాన్ని ముందే అంగీకరించి దించేవారు వేరు, దించిన తరువాత తెలుసుకొనేవారు వేరు. మొదటి రకం వారు రెండంగుళాలతోనో, మూడంగుళాలతోనో ఆగిపోవడం తరచు కనిపిస్తుంది. ఆ ఎత్తులో చట్రం కోయనక్కరలేదు, తొట్టిలో ఒక మోటారు సైకిలునైనా తీసుకుపోవచ్చు. వారి బండ్లకు బహుమతులు రాకపోవచ్చు గాని, అవి పనిచేసే బండ్లు.

పని ముగిసిన తరువాత చేసే బిగింపులలో కూడ ఒక మెలకువ ఉన్నది. బాహువుల ముందు కొనలలోని రబ్బరు బుష్‌ల బోల్టులను బండి గాలిలో ఉండగా పూర్తిగా బిగించరాదు. చక్రాలు నేలకు దించి, బండి తన కొత్త ఎత్తులో నిలిచిన పిమ్మట బిగించాలి. లేకుంటే ఆ రబ్బరు ఎల్లప్పుడూ మెలితిరిగే ఉండి, కొద్దికాలానికి చీలిపోతుంది. యూ బోల్టులు మొదటి వంద మైళ్ళలో కొంత వదులవుతాయి, వాటిని మళ్ళీ బిగించాలి. కొత్త స్ప్రింగులు కూడ మొదటి వారాలలో కొద్దిగా కుంగుతాయి గనుక ఎత్తును తిరిగి కొలిచి, దీపాలను అప్పుడు సరిచేయడం మేలు.

కొందరు మొదటిసారి బండిని రోడ్డు మీదికి తీసేముందు ఇరుసు పైభాగాన, రబ్బరు దిమ్మకు ఎదురుగా, వేలితో కొంచెం గ్రీజు పూస్తారు. తొట్టిలో రెండు బస్తాలు వేసుకొని, ఊరిలోని చెడ్డ రోడ్డు ఏదో చూచి దాని మీద ఒక చుట్టు తిరిగి వస్తారు. ఇంజను ఆపిన వెంటనే, ఇంకా వేడి తగ్గని బండి వెనుక మోకాళ్ళ మీద కూర్చొని, టార్చి దీపం వేసి, ఆ రబ్బరుకు గ్రీజు అంటిందా లేదా అని చూస్తారు.